సంతకం పెట్టని సూపరింటెండెంటు

(మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? ఆ ఫ్యాన్ ఒకటి ఆపేయండమ్మా, మైకులోకి గాలి కొడుతోంది. సరే.

ఈరోజు నేను ఫ్రాంకో బజాలియా గురించి మాట్లాడతాను. ఇటలీ సైకియాట్రిస్టు. పేరు విన్నవాళ్లు చెయ్యెత్తండి. ముగ్గురు, నలుగురు... పర్వాలేదు. విన్నవాళ్లు కూడా బహుశా ఒక్క ముక్కే విని ఉంటారు, "ఇటలీలో పిచ్చాసుపత్రులన్నీ మూయించినాయన" అని. అది నిజమే. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆయన్నొక పెద్ద సిద్ధాంతవేత్తని చేసి, దండం పెట్టి పక్కన కూర్చోబెడతాం. అసలు ఆయన ఉద్యోగం ఏమిటి? గవర్నమెంటు ఆస్పత్రి సూపరింటెండెంటు. ఫైళ్లు, రిజిస్టర్లు, నర్సుల డ్యూటీలు, మన జిల్లా పరిషత్తు లాంటి ప్రావిన్సు పాలకవర్గం ఇచ్చే బడ్జెట్టు, వాళ్లు పంపే తాఖీదులు. వీటి మధ్య కూర్చునే ఆ పనంతా చేశాడాయన. మీలో చాలామంది ఆ కుర్చీకి అటో ఇటో పనిచేస్తున్నవాళ్లే. అందుకే నేను ఆ కుర్చీ గురించే ఎక్కువ మాట్లాడతాను.

పుట్టింది 1924లో, వెనిస్‌లో. మెడిసిన్ చదివింది పాదువాలో. చదువుకునే రోజుల్లోనే ఫాసిస్టు వ్యతిరేకుల్లో చేరి, 1944 చివర్లో అరెస్టయ్యాడు, యుద్ధం ముగిసేదాకా కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అక్కరకొస్తుంది. 1949లో డిగ్రీ. తర్వాత పన్నెండేళ్లు ఆ యూనివర్సిటీ క్లినిక్‌లోనే. హుస్సెర్ల్, సార్త్ర్, బిన్స్‌వాంగర్, ఇలా ఎప్పుడు చూసినా ఫిలాసఫీ పుస్తకాలే చేతిలో. తోటివాళ్లు ఆయనకి "ఫిలాసఫర్" అని పేరు పెట్టారు. మెచ్చుకుని పెట్టిన పేరని మాత్రం అనుకోకండి! యూనివర్సిటీలో పైకి వచ్చే దారి లేదని తేలిపోయాక, 1961లో గొరిట్సియా అనే చిన్న ఊరి మానసిక వైద్యశాలకి డైరెక్టరుగా వెళ్లాడు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే లూప్‌లైన్ పోస్టింగు.

ఎంత లూప్‌లైన్ అంటే, గొరిట్సియా ఇటలీకి కొసన ఉంటుంది. ఆస్పత్రి గోడ పక్కనుంచే సరిహద్దు. అవతల అప్పటి యుగోస్లావియా. లోపల అయిదారు వందల మంది రోగులు. వాళ్లలో కొందరికి స్లొవేన్ భాష తప్ప ఇటాలియన్ సరిగ్గా రాదు. డాక్టరు అడిగేది రోగికి తెలియదు, రోగి చెప్పేది డాక్టరుకి తెలియదు. ఇక కేసు షీట్లో ఏం రాస్తారో మీరే ఊహించుకోండి.

అక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. అప్పటికి అమల్లో ఉన్నది 1904 నాటి చట్టం. ఎవరిని చేర్చుకోవాలి? తనకి గానీ ఇతరులకి గానీ ప్రమాదకరంగా ఉన్నవాణ్ణి, లేదా నలుగురిలో రచ్చ అవుతున్నవాణ్ణి. బాధపడుతున్నవాళ్లని అన్న మాట ఆ లెక్కలో లేదు, చూశారా? రోగిని తీసుకొచ్చేది పోలీసులు. నెల లోపు అబ్జర్వేషన్, ఆ తర్వాత పర్మనెంటు అడ్మిషన్ అయిందంటే అతని పేరు నేరస్తుల రికార్డుల్లోకి ఎక్కేది. నేరం చెయ్యని మనిషి పేరు! పౌరహక్కులు పోయేవి. మరి డైరెక్టరుకి? గోడల లోపల సర్వాధికారం. దాంతోపాటు బాధ్యత కూడా. బయటికి పంపిన రోగి ఏదైనా చేస్తే కోర్టు మెట్లెక్కాల్సింది డైరెక్టరే. అంటే ఏమయింది? ఎవర్నీ వదలకపోతే నీ ఉద్యోగానికి ఢోకా లేదు. వదిలితేనే టెన్షన్. ఇలాంటి చట్టం కింద మంచి మనసున్న డాక్టరైనా ఏం చేస్తాడు? తలుపులు వేసుకుని కూర్చుంటాడు. యాభై ఏళ్లకి పైగా అదే జరిగింది.

మొదటి రోజు సంగతి చాలామంది రాశారు. పొద్దున్నే హెడ్ నర్సు వచ్చి ఒక రిజిస్టరు ఆయన ముందు పెట్టాడు. రాత్రి ఎవరెవర్ని మంచాలకి కట్టేశారో ఆ పేర్లు. కింద డైరెక్టరు సంతకం పెట్టాలి. రోజూ జరిగేదే, దాన్ని ఎవరూ చదవరు కూడా. మనకి తెలియని విషయమా, ఎన్ని రిజిస్టర్లు చదివి సంతకం పెడతాం మనం? బజాలియా చూసి, వెనిస్ యాసలో, "నేను సంతకం పెట్టను" అన్నాడు. అంతే. ఉపన్యాసం లేదు, సర్క్యులర్ లేదు.

ఆ ఒక్క మాట ఎందుకంత పని చేసిందంటారు? కట్టేసేది నర్సు. కానీ ఆ నర్సుని కాపాడేది సంతకం. సంతకం లేకపోతే కట్టెయ్యడం అతని సొంత పూచీ మీద చెయ్యాలి. సొంత పూచీ మీద మనిషిని కట్టేసేవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు. ఇందులో ఫిలాసఫీ ఎంత ఉందో ఆఫీసు తెలివి కూడా అంతే ఉంది.

ఇందాక జైలు గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా. గొరిట్సియా వార్డుల్లోకి అడుగుపెట్టగానే కొట్టిన వాసన తనకి ఆ జైలునే గుర్తుచేసిందని ఆయనే చెప్పుకున్నాడు. తాళం బయట ఉందా లోపల ఉందా అన్నది అనుభవించినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే మర్నాడే గేట్లు తెరిచేశాడని అనుకోకండి. అలా చెయ్యలేదు. ఒక్కో వార్డూ తెరుస్తూ పోయాడు, అన్నీ తెరవడానికి ఏళ్లు పట్టింది. డాక్టర్లు తెల్లకోట్లు తీసేశారు. ఇనప కంచెలు పీకేశారు. స్కాట్లండ్‌లో మాక్స్‌వెల్ జోన్స్ అనే సైకియాట్రిస్టు నడుపుతున్న "థెరప్యూటిక్ కమ్యూనిటీ" పద్ధతి చూసి, రోజూ పొద్దున సభ పెట్టారు. రోగులు, నర్సులు, డాక్టర్లు అందరూ ఒకే గదిలో. వచ్చేవాడు రావచ్చు, లేచి వెళ్లేవాడు వెళ్లొచ్చు. ఏం మాట్లాడేవాళ్లు? వాళ్ల బతుకులో తేల్చుకోవాల్సిన మామూలు సంగతులే. ఎవరికి బయటికి వెళ్లడానికి పర్మిషన్, ఎవరు ఎవరితో గొడవపడ్డారు. మీకు బోరు కొడుతుందేమో గానీ, ఇరవై ఏళ్లుగా "నీకేం కావాలి" అని ఎవరూ అడగని మనిషికి అది చిన్న విషయం కాదు. రోగులే ఒక పత్రిక నడిపారు, దాని పేరు "వడ్రంగి పిట్ట".

మందులు వద్దన్నాడా? ఈ ప్రశ్న నన్ను ఎక్కడికి వెళ్లినా అడుగుతారు. వద్దనలేదు. తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే క్లోర్‌ప్రోమజీన్ అనే మందు అప్పటికి వచ్చి పదేళ్లు. మందు లేకపోతే ఆ తలుపులు తెరవడం మరింత కష్టమయ్యేదని ఆయనకి తెలుసు. కాకపోతే, మందు రోగి ఆందోళనతోపాటు డాక్టరు ఆందోళనని కూడా తగ్గిస్తుందని అన్నాడు. ఈ రెండో సగం ఎంతమంది ఒప్పుకుంటాం, చెప్పండి? మానసిక వైద్యాన్నే ప్రశ్నించిన లేయింగ్, కూపర్ అనే డాక్టర్లతో కలిపి ఆయన మీద కూడా "యాంటీ సైకియాట్రిస్టు", అంటే మానసిక వైద్యానికి వ్యతిరేకి, అని ముద్ర వేశారు. ఆ పేరు ఆయనకి నచ్చేది కాదు. రోగం లేదని ఆయన అనలేదు. రోగాన్ని కాసేపు పక్కన పెట్టి మనిషిని చూడండి, ఆస్పత్రి తెచ్చిపెట్టిన దైన్యం ఎంతో, రోగం తెచ్చింది ఎంతో అప్పుడు తెలుస్తుంది అన్నాడు. రెండూ కలిసిపోయి ఉన్నంతకాలం దేనికి వైద్యం చేస్తున్నామో మనకే తెలియదు కదా!

1968లో ఆయన, ఆయన బృందం కలిసి గొరిట్సియా అనుభవం మీద పుస్తకం తెచ్చారు. ఆ ఏడాది యూరప్ అంతా విద్యార్థుల ఉద్యమాలు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది, బహుమతి కూడా వచ్చింది. సరిగ్గా అదే ఏడాది, సెప్టెంబరులో, ఒకరోజు సెలవు మీద ఇంటికి వెళ్లిన ఒక రోగి భార్యని గొడ్డలితో చంపేశాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ సంగతి దాటేసి బజాలియాని పొగడడం నాకు ఇష్టం లేదు. ఒక ఆడమనిషి ప్రాణం పోయింది. బజాలియా మీద కేసు పెట్టారు. తర్వాత నిర్దోషి అన్నారు. కొన్నేళ్లకి, ఆయన తర్వాత పనిచేసిన త్రియెస్తే అనే ఊళ్లో కూడా ఇలాంటిదే ఇంకొకటి జరిగింది, అప్పుడూ కేసు, అప్పుడూ విడుదల. కోర్టు వదిలేసింది కాబట్టి సరిపోయిందా? సరిపోలేదు. ఊళ్లో జనం భయపడ్డారు, వాళ్ల భయంలో తప్పు లేదు. ఇంటికి పంపిన మనిషి ఇంట్లో ఎలా ఉన్నాడో వెళ్లి చూసే ఏర్పాటు గొరిట్సియాలో లేదు. ఊళ్లో సెంటర్లు పెట్టడానికి పాలకవర్గం డబ్బివ్వలేదు. వార్డు తలుపు తెరవడం సగం పనే, రెండో సగం ఊళ్లో ఉందని ఆ బృందం తెలుసుకుంది. ఆయన 1969లో గొరిట్సియా వదిలాడు. కొన్ని నెలలు న్యూయార్కులో, తర్వాత పార్మా దగ్గర కొలోర్నోలో. 1972లో, గొరిట్సియాలో మిగిలిన డాక్టర్లు కూడా, మా రోగులకి ఇక ఆస్పత్రి అక్కర్లేదు, ఊళ్లో సెంటర్లు కావాలి, మీరవి ఇవ్వరు అని కట్టగట్టుకుని రాజీనామా చేశారు.

1971లో త్రియెస్తే. ఇది ఆయన రెండో ఇన్నింగ్స్. శాన్ జొవాన్ని ఆస్పత్రి, కొండవాలు మీద పెద్ద తోట, 1908లో ఆస్ట్రియా పాలనలో ఉండగా కట్టినది. సుమారు 1,200 మంది రోగులు. ఈసారి వెళ్లేముందే ఒకటి చూసుకున్నాడు. పైన ఎవరున్నారు? ప్రావిన్సు అధ్యక్షుడు మికేలే జనెట్టి, కుర్రవాడు, క్రిస్టియన్ డెమొక్రాట్, అంటే అప్పట్లో ఇటలీని ఏలుతున్న పార్టీ మనిషి. బజాలియా వామపక్షం వైపు మనిషి. పార్టీలు వేరు. అయినా జనెట్టి ఆయన్ని పిలిచాడు, వెనక నిలబడ్డాడు, తిట్లు తాను కూడా పంచుకున్నాడు. ఇలాంటి రాజకీయ నాయకుడు దొరకడం అదృష్టం. గొరిట్సియాకీ త్రియెస్తేకీ ఉన్న తేడాలో సగం ఇదేనని నా లెక్క.

త్రియెస్తేలో జరిగినవాటిలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది జీతాల వ్యవహారం. పాత పద్ధతిలో రోగులు వార్డులు ఊడ్చేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు. దానికి పేరు "పని వైద్యం". ప్రతిఫలం? సిగరెట్లు, చిల్లర. కేసు షీట్లో మాత్రం "సహకరిస్తున్నాడు, మెరుగుపడుతున్నాడు". మెరుగుపడితే ఇంటికి పంపాలి కదా? పంపితే వార్డు ఎవరు ఊడుస్తారు? అందుకని మెరుగుపడుతూనే ఉండేవాళ్లు, పదేళ్లు, ఇరవై ఏళ్లు! నవ్వుతున్నారు గానీ, ఎక్కడైనా పాత ఆస్పత్రిలో పనిచేసినవాళ్లు ఇక్కడుంటే వాళ్లు నవ్వరు.

1972, 73 ప్రాంతంలో ఈ రోగులతోనే ఒక సహకార సంఘం పెట్టించారు. ఆస్పత్రి శుభ్రం చేసే కాంట్రాక్టు ఆ సంఘానికి ఇచ్చారు. అదే చీపురు, అదే వార్డు, అదే మనిషి. కానీ ఇప్పుడు యూనియన్ రేటు ప్రకారం జీతం. జీతం వస్తే ఏమవుతుంది? అద్దె కట్టగలడు. అద్దె కట్టగలిగితే ఊళ్లో గది దొరుకుతుంది. గది దొరికితే డిశ్చార్జి. ఏ మందుకీ చేతకాని డిశ్చార్జిని జీతం చేసింది. ఎక్కడికీ వెళ్లలేనివాళ్ల కోసం ఇంకో ఉపాయం. వాళ్లకి కాగితం మీద డిశ్చార్జి ఇచ్చి, "అతిథి" హోదాలో అక్కడే గది ఇచ్చారు. అంటే మనిషి అక్కడే ఉంటాడు, కానీ హక్కులు తిరిగి వచ్చేస్తాయి, ఎవరి పర్మిషనూ అక్కర్లేకుండా గేటు దాటొచ్చు. డబ్బు లేనివాళ్లకి నెలనెలా భత్యం. ఇవన్నీ గుమాస్తా పనులు. అందుకే పుస్తకాల్లో వీటికి రెండు లైన్లే దక్కుతాయి.

పుస్తకాల్లో పేజీలకి పేజీలు దక్కేది గుర్రానికి. దాని గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఆస్పత్రిలో మార్కో అనే నిజం గుర్రం ఒకటి ఉండేది, లాండ్రీ బండి లాగేది. ముసలిదైంది, కబేళాకి పంపుదామన్నారు. రోగులు 1972లో పాలకవర్గానికి అర్జీ పెట్టారు, గుర్రమే రాసుకున్నట్టు. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నన్ను చంపకుండా రిటైర్ చెయ్యండి అని. అర్జీ మంజూరైంది! మరుసటి ఏడాది మొదట్లో ఒక ఖాళీ వార్డులో రోగులు, నర్సులు, కళాకారులు కలిసి చెక్కతో, కాగితపు గుజ్జుతో పెద్ద నీలం గుర్రం తయారుచేశారు. దాని పేరు మార్కో కవాల్లో. కడుపులో రోగులు తమ కోరికలు రాసిన కాగితాలు. ఫిబ్రవరి చివరి ఆదివారం దాన్ని ఊళ్లోకి ఊరేగింపుగా తీసుకెళ్దామని బయల్దేరారు. తీరా చూస్తే గుర్రం గుమ్మంలో పట్టలేదు. ఎవరూ కొలవలేదన్నమాట. అప్పుడు డైరెక్టరుగారే తోటలో ఉన్న ఇనప బెంచీ ఒకటి ఎత్తి, ఇంకొందరితో కలిసి గుమ్మాన్ని మోదడం మొదలుపెట్టాడు. గుమ్మం విరిగింది, గుర్రం బయటికి వెళ్లింది, వెనక వందలమంది వెళ్లారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, అదీ ఆఫీసు అధిపతి చేతుల మీదుగా. మన ఆడిట్ వాళ్లు చూస్తే ఏం రాసేవాళ్లో!

ఇందులో చిన్న సంగతి ఒకటి చెప్పాలి. నర్సులందరూ ఆ రోజు సంతోషంగా లేరు. వార్డుల్లో మరుగుదొడ్లు సరిగ్గా లేవు, మనుషులు సరిపోరు, మీకు గుర్రాలు కావాలా అని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. గుర్రం బొమ్మ దగ్గర ఫొటో దిగేవాళ్లు అది కూడా తెలుసుకోవాలి.

1975 నుంచి ఊళ్లో సెంటర్లు మొదలయ్యాయి. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండేవి, ఒక్కోదాంట్లో కొద్ది పడకలు. 1977 జనవరిలో బజాలియా పత్రికలవాళ్లని పిలిచి ఆస్పత్రి మూసేస్తున్నామని ప్రకటించాడు. చివరికి 1980లో మూసేశారు.

ఇక చట్టం. 1978 మే 13, చట్టం నంబరు 180. ఆ తేదీ చూడండి. మే 9న, తీవ్రవాదులు ఎత్తుకెళ్లిన మాజీ ప్రధాని ఆల్డో మోరో శవం రోమ్ నడిబొడ్డున కారులో దొరికింది. దేశమంతా అట్టుడికిపోతోంది. సరిగ్గా ఆ వారంలో మానసిక వైద్య చట్టం పాసయింది. ఎందుకంత తొందర? పాత 1904 చట్టాన్ని రద్దు చెయ్యాలని రాడికల్ పార్టీ సంతకాలు సేకరించింది, జూన్‌లో రెఫరెండం, అంటే దాని మీద జనం ఓటు వెయ్యడం, జరగాలి. దాన్ని తప్పించడానికి పార్లమెంటు ఆఘమేఘాల మీద కమిటీలోనే పని కానిచ్చింది. బిల్లుని నడిపించింది బ్రూనో ఒర్సీని, ఆయనా సైకియాట్రిస్టే, ఆయనా క్రిస్టియన్ డెమొక్రాటే. అందరూ "బజాలియా చట్టం" అంటారు గానీ రాసింది బజాలియా కాదు. అందులో రాజీలున్నాయని ఆయనే అనేవాడు.

ఏముంది అందులో? కొత్త మానసిక వైద్యశాలలు కట్టకూడదు. ఉన్నవాటిలో కొత్తవాళ్లని చేర్చుకోకూడదు. జనరల్ ఆస్పత్రిలో వార్డు ఉండొచ్చు, 15 పడకలు దాటకూడదు. బలవంతపు వైద్యం ఉంది, తీసెయ్యలేదు. ఇద్దరు డాక్టర్లు చెప్పాలి, మేయరు ఆర్డరివ్వాలి, 48 గంటల్లో జడ్జి ఖాయం చెయ్యాలి, గడువు ఏడు రోజులు. కావాలంటే పొడిగించొచ్చు, కానీ ప్రతిసారీ కారణం రాయాలి. "ప్రమాదకరం" అన్న మాట ఎగిరిపోయింది. పోలీసుల చోటులోకి ఆరోగ్య వ్యవస్థ వచ్చింది.

డబ్బు మాత్రం అందులో లేదు. ఎంత పెట్టాలి, ఎప్పటిలోగా పెట్టాలి అన్నది రాయలేదు. ప్రాంతాలకి వదిలేశారు. శ్రద్ధ ఉన్న ప్రాంతాలు సెంటర్లు పెట్టాయి. లేనివి, ముఖ్యంగా దక్షిణాన చాలాచోట్ల, చేతులు దులుపుకున్నాయి. అక్కడ భారమంతా ఎవరి నెత్తిన పడింది? ఇంట్లో తల్లి, భార్య, అక్క. ఆ కుటుంబాలు సంఘాలు పెట్టుకుని చట్టం మార్చాలని పోరాడాయి. వాళ్లని అభివృద్ధి వ్యతిరేకులని తిట్టినవాళ్లు ఉన్నారు. నేను తిట్టలేను.

మన సంగతి ఒక్క నిమిషం. 1950లలో, అంటే బజాలియా కంటే ముందే, అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ అనే సూపరింటెండెంటు ఉండేవారు. రోగులు కిటకిట, సిబ్బంది లేరు. ఆయన ఆస్పత్రి ఆవరణలో టెంట్లు వేయించి రోగుల కుటుంబాలనే రప్పించి ఉంచారు. వాళ్లే సేవ చేశారు, చూస్తూ చూస్తూ జబ్బు అంటే ఏమిటో నేర్చుకున్నారు, నయమయ్యాక వాళ్లే ఇంటికి తీసుకెళ్లారు. ఆయన పేరు మన పిల్లలకి ఎంతమందికి తెలుసు? ఇక్కడ కుటుంబాన్ని వార్డులోకి తేవడంతో పని మొదలైంది, అక్కడ రోగిని వార్డులోంచి బయటికి తేవడంతో. ఇక 2001లో తమిళనాడు ఏర్వాడిలో ఏం జరిగిందో మీకు తెలుసు. గొలుసులతో కట్టేసిన రోగులు, పాకకి నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులు వెయ్యకూడదని మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలో రాసుకున్నాం. రిజిస్టర్లు అయితే ఉన్నాయి కదా ఇంకా, సంతకాలూ ఉన్నాయి.

బజాలియా 1979లో రోమ్ వెళ్లాడు, ఆ ప్రాంతం మొత్తానికి మానసిక ఆరోగ్య సేవలు చూడడానికి. అదే ఏడాది బ్రెజిల్‌లో బార్బసేనా ఆస్పత్రి చూసి, ఇది నాజీ క్యాంపులా ఉందని పత్రికలవాళ్లతో అన్నాడు. అక్కడి ఉద్యమానికి ఆ మాట చాలా ఊపునిచ్చింది, 2001లో వాళ్లూ చట్టం తెచ్చుకున్నారు. 1980 ఆగస్టులో, మెదడులో ట్యూమరుతో ఆయన పోయాడు. 56 ఏళ్లు. చట్టం వచ్చి రెండేళ్లే అయింది.

మిగిలిన పని చేసిందెవరు? చాలావరకు ఆయన భార్య ఫ్రాంకా ఓంగారో. ఈమె గురించి వేరే ఉపన్యాసం పెట్టాలి నిజానికి. ఆయన పుస్తకాల్లో ఆమె రాత చాలా ఉంది. 1983లో సెనేటర్ అయ్యి, చట్టం అమలుకి డబ్బు, సెంటర్లు, గడువులు కావాలని అక్కడ కొట్లాడింది. పాత ఆస్పత్రుల్లో మిగిలిపోయినవాళ్లకి గడువు పడింది ఎప్పుడనుకున్నారు? 1994 చివర్లో, బడ్జెట్టుకి సంబంధించిన చట్టంలో. 1996 ఆఖరుకి మూసెయ్యాలన్నారు, మూసేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. నేరం చేసిన మానసిక రోగుల్ని ఉంచే ప్రత్యేక ఆస్పత్రులు మరీ ఆలస్యం, 2015లో గడువు ముగిశాకగానీ అవి మూతపడలేదు.

టైమ్ అయిందని చీటీ పంపించారు. నర్సింగు విద్యార్థులు ఇందాకటి నుంచి ఏదో రాసుకుంటున్నారు, ముందు వాళ్లకి మైకు ఇవ్వండి. అడగండమ్మా.